కేయోలినైట్, షేల్ మీద మీథేన్ అడ్జార్ప్షన్: 80 బార్ దాటితే ఐసోథర్మ్ మైనస్‌లోకి ఎందుకు పోతోంది?

గౌతమితీరం:

అందరికీ నమస్కారం. బంకమట్టి ఖనిజాల ఉపరితలానికి మీథేన్ ఎంత అంటుకుంటుందో (అడ్జార్ప్షన్, అంటే అధిశోషణం) కొలవడానికి ల్యాబ్‌లోనే ఒక మానోమెట్రిక్ సెటప్ బిగించాం: గ్యాస్‌ను ఒక సెల్ నుంచి రెండోదాంట్లోకి వదిలి, పీడనాన్ని బట్టి ఎంత అంటుకుందో లెక్కగట్టేది. రిఫరెన్స్ సెల్, శాంపిల్ సెల్, మధ్యలో వాల్వ్, అన్నీ ఫ్యాన్ తిరిగే ఓవెన్‌లో. రిఫరెన్స్ సెల్ 40 ఘ.సెం.మీ. అని సర్టిఫికెట్‌లో ఉంది. ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ ఒక్కటే, రిఫరెన్స్ వైపు. 250 బార్ రేంజి, ఫుల్ స్కేల్ మీద 0.1 శాతం కచ్చితత్వం.

శాంపిల్ కేజీఏ-1బీ అనే ప్రామాణిక కేయోలినైట్ మట్టి 50 గ్రాములు, మామూలు ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టినది. 30 డిగ్రీల దగ్గర హీలియం 50 బార్ నింపి ఒకసారి శాంపిల్ సెల్‌లోకి వదిలాం. పీవీ = ఎన్‌ఆర్‌టీ (ఐడియల్ వాయు సమీకరణం) లెక్కతో వాయిడ్ వాల్యూమ్, అంటే శాంపిల్ సెల్‌లో మట్టి పోగా మిగిలిన ఖాళీ, 40 ఘ.సెం.మీ. దగ్గర వచ్చింది. ఆ తర్వాత ఓవెన్ 60 డిగ్రీలకు పెంచి మీథేన్ 100 బార్ దాకా మెట్లుమెట్లుగా ఎక్కించాం. మీథేన్ సాంద్రతకు పెంగ్-రాబిన్సన్ స్థితి సమీకరణం వాడుతున్నాం.

వచ్చిన రేఖ (ఐసోథర్మ్: స్థిర ఉష్ణోగ్రత దగ్గర పీడనంతో అధిశోషణం మారే తీరు) 30–40 బార్ దాకా పెరుగుతుంది, అక్కడి నుంచి దిగుతుంది, 80 దాటాక మైనస్. ఐఎంటీ-1 ఇల్లైట్ కూడా అంతే. ఎస్‌డబ్ల్యూవై-2 మాంట్‌మొరిల్లొనైట్ మైనస్‌లోకి పోదు గానీ ఒక రన్‌కీ ఇంకో రన్‌కీ పొంతన ఉండదు. యాక్టివేటెడ్ కార్బన్ పెడితే మాత్రం అచ్చు పేపర్లలో ఉన్నట్టే వస్తోంది. మరి తప్పు సెటప్‌దా, మట్టిదా? హీలియం కూడా మట్టికి అంటుకుని లెక్క పాడుచేస్తోందా? దీని తర్వాత కేజీ బేసిన్ రాఘవాపురం షేల్ (బంకమట్టి గట్టిపడిన పొరల రాయి) కోర్ ముక్కలు, అంటే బావి నుంచి తీసిన రాతి ముక్కలు, పెట్టాలి. కోర్ కొంచెమే ఉంది, దాన్ని వృథా చేయడం ఇష్టం లేదు.

బార్_మీటర్:

గౌతమి గారూ, మట్టిని వదిలేయండి. మీరు రాసినదాంట్లో ఒక్క వాక్యం చాలు ఈ మైనస్ రావడానికి: హీలియానికి పీవీ = ఎన్‌ఆర్‌టీ.

ముందు పరిమాణాలు చూడండి. 60 డిగ్రీలు, 100 బార్ దగ్గర మీథేన్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 64 కిలోలు, అంటే ఘ.సెం.మీ.కి 4 మిల్లీమోళ్లు. మీ 40 ఘ.సెం.మీ. ఖాళీలో ఊరికే తిరుగుతున్న వాయువే 160 మిల్లీమోళ్లు. కేయోలినైట్ గ్రాముకు 0.06 మిల్లీమోల్ పట్టిందనుకుంటే 50 గ్రాములకు 3 మిల్లీమోళ్లు. 163 లోంచి 160 తీసేసి 3 తేల్చాలి. ఆ 160లో ఒక్క శాతం అటూ ఇటూ అయితే మీ జవాబు సగానికి సగం మారిపోతుంది. వాయిడ్ వాల్యూమ్‌లో 0.2 ఘ.సెం.మీ. తేడా, అంటే అర శాతం, 0.8 మిల్లీమోళ్లు తినేస్తుంది. జవాబులో అది నాలుగో వంతుకు పైమాటే.

ఇప్పుడు హీలియం. దాని సంపీడ్యతా గుణకం (ఐడియల్ వాయువు నుంచి ఎంత తప్పుతుందో చెప్పే అంకె; ఐడియల్‌కు 1) 30 డిగ్రీల దగ్గర 50 బార్‌కు సుమారు 1.023, 25 బార్‌కు 1.0115. రెండు సెల్స్ ఇంచుమించు సమానం కాబట్టి 50 బార్ వదిలితే 25 దగ్గర ఆగుతుంది. ఐడియల్ లెక్కలో శాంపిల్ వైపు ఖాళీ, రిఫరెన్స్ ఖాళీ సరిసమానం అని వస్తుంది. అసలు సాంద్రతలు వేస్తే నిష్పత్తి 0.978 దగ్గర. అంటే వాయిడ్ వాల్యూమ్ రెండు శాతం పైగా, 0.85 ఘ.సెం.మీ. దాకా, ఎక్కువ చూపించింది. లేని ఖాళీలో ఉందనుకున్న మీథేన్ 100 బార్ దగ్గర 3.4 మిల్లీమోళ్లు. మట్టి పట్టిన మొత్తం 3. మైనస్ రాకుండా ఎలా ఉంటుంది?

యాక్టివేటెడ్ కార్బన్ బాగా రావడం కూడా దీనికి సాక్ష్యమే. అది షేల్ కంటే పదుల రెట్లు పడుతుంది కాబట్టి ఈ 3.4 అందులో కనిపించదు. సెటప్‌ని కార్బన్‌తో పరీక్షించాలంటే 50 గ్రాములు పోయకండి. ఒక్క గ్రాము వేసి, మిగతా జాగా స్టీల్ కడ్డీతో నింపండి. అప్పుడు మొత్తం సంకేతం కొన్ని మిల్లీమోళ్లే ఉంటుంది, మీ షేల్ ఇచ్చేంత. అందులో పాసైతే పాసైనట్టు.

మరో గుర్తు కూడా ఉంది. ఎక్సెస్ అధిశోషణాన్ని (ఖాళీలో మామూలుగా ఉండే గ్యాస్ పోగా అదనంగా పట్టినదాన్ని) పీడనం మీద కాకుండా మీథేన్ సాంద్రత మీద గీయండి. ఉపరితలం నిండాక ఆ గీత సరళరేఖగా దిగాలి, పొడిగిస్తే 370–420 కిలోల మధ్య ఎక్కడో సున్నాను తాకాలి. అది అధిశోషిత పొర సాంద్రత. మీ గీత 80 బార్ దగ్గర, అంటే 50 కిలోల దగ్గరే, సున్నా దాటుతోంది. గ్యాస్ కంటే పలచనైన అధిశోషిత పొర అంటూ ఉండదు, కాబట్టి అది ఉపరితలం గురించి చెప్పే గీత కాదు, వాయిడ్ వాల్యూమ్ తప్పు గీసిన గీత.

హీలియం అంటుకుంటుందా అంటే, 30–60 డిగ్రీల దగ్గర బంకమట్టి మీద అది అతి స్వల్పం. అంటుకున్నా ఫలితం ఇదే దిశలో ఉంటుంది: ఖాళీ ఎక్కువ చూపిస్తుంది, మీథేన్ తగ్గుతుంది. మీథేన్ దూరలేని సందుల్లోకి హీలియం దూరడం కూడా అదే దిశ. హీలియం వ్యాసం 0.26 నానోమీటర్లు, మీథేన్‌ది 0.38. కానీ ఇవేవీ 0.85 ఘ.సెం.మీ. తప్పు చేసేంతవి కావు. ముందు లెక్క సరిచేయండి, తర్వాత వీటి సంగతి.

నల్లరాయి:

పైన చెప్పినదానికి రెండు చేర్పులు.

సర్టిఫికెట్‌లో ఉన్న 40 నమ్మకండి. అది సెల్ ఒక్కదానిది. వాల్వ్ దాకా ఉన్న ట్యూబింగ్, ట్రాన్స్‌డ్యూసర్ లోపలి గుంట, ఫిట్టింగులు అందులో ఉండవు. అన్నీ కలిపి కొలవాల్సింది మీరే. బేరింగ్ బాల్స్ కొనండి, 10 మి.మీ. వ్యాసంవి, ఒక్కోటి 0.5236 ఘ.సెం.మీ. శాంపిల్ సెల్ ఖాళీగా ఉంచి హీలియం ఒకసారి, సగానికి పైగా బాల్స్ నింపి ఒకసారి వదలండి. రెండుసార్లూ శాంపిల్ వైపు ఖాళీకీ రిఫరెన్స్ ఖాళీకీ నిష్పత్తి తీయండి. బాల్స్ మొత్తం ఘనపరిమాణాన్ని ఆ రెండు నిష్పత్తుల తేడాతో భాగిస్తే రిఫరెన్స్ వాల్యూమ్ వచ్చేస్తుంది. నాలుగైదు బాల్స్ వేసి చేస్తే ఆ తేడా మరీ చిన్నదై తప్పు పెద్దదవుతుంది, అందుకే సగానికి పైగా అంటున్నాను. ఇందులోనూ హీలియం సాంద్రతలే వాడాలి, ఐడియల్ కాదు.

రెండోది, హీలియం 30 డిగ్రీల దగ్గర, మీథేన్ 60 దగ్గర చేయడం. స్టీల్ సెల్ ఆ 30 డిగ్రీలకు 0.14 శాతం వ్యాకోచిస్తుంది. చిన్నదే, కానీ పైన చెప్పిన లెక్కన పావు మిల్లీమోల్. ఎందుకు వదులుకోవాలి? రెండూ 60 దగ్గరే చేయండి. హీలియం ఒక్క పీడనం దగ్గర కాకుండా 10 నుంచి 100 బార్ దాకా నాలుగైదు చోట్ల చేయండి. వాయిడ్ వాల్యూమ్ అన్నిచోట్లా ఒకటే రావాలి. పీడనంతో పాటు ఒకవైపే జరుగుతూ పోతే సమీకరణమైనా, ట్రాన్స్‌డ్యూసర్ వంకరైనా, లీకైనా అయ్యుండాలి.

ట్రాన్స్‌డ్యూసర్ ఒక్కటే ఉండటం మీకు మంచిదే. రెండు ఉంటే రెండింటి మధ్య తేడా అంతా అధిశోషణంగా కనిపిస్తుంది. కానీ 250 బార్ రేంజిలో 0.1 శాతం అంటే 0.25 బార్, 100 బార్ దగ్గర 0.4 మిల్లీమోల్. అది ప్రతి మెట్టులోనూ చేరుతూ పోతుంది, ఎందుకంటే మొత్తం లోపలికి పోయిన గ్యాస్ అంటే మెట్లన్నిటి కూడిక. ఇరవై మెట్లు వేస్తే రేఖ అందంగా ఉంటుంది గానీ తప్పు పెరుగుతుంది. ఏడెనిమిది చాలు.

బార్_మీటర్:

మెట్ల మాట వచ్చింది కాబట్టి ఉష్ణోగ్రత గురించి. 100 బార్ దగ్గర మీథేన్ సాంద్రత ఒక డిగ్రీకి సుమారు 0.4 శాతం పైగా మారుతుంది. ఓవెన్ డిస్‌ప్లే 60.0 చూపిస్తూ శాంపిల్ సెల్ నిజంగా 59.5 దగ్గర ఉంటే 0.35 మిల్లీమోల్ తేడా వచ్చినట్టే. ఓవెన్ ఉష్ణోగ్రత కాదు, రెండు సెల్స్ లోహానికి అతికించిన పీటీ-100 (ప్లాటినం ఉష్ణోగ్రత సెన్సర్) రీడింగ్ కావాలి. రెండింటి మధ్య 0.1 డిగ్రీకి మించి తేడా ఉండకూడదు. వాల్వ్ హ్యాండిల్ కోసం ఓవెన్ గోడకు రంధ్రం చేసి ఉంటే ఆ వైపు చల్లగా ఉంటుంది, దూది కుక్కండి. ట్రాన్స్‌డ్యూసర్ ఓవెన్ బయట ఉంటే, బయట ఉన్న ఆ కాస్త ట్యూబింగ్ వేరే ఉష్ణోగ్రతలో ఉంటుంది. దాన్ని వీలైనంత సన్నగా, పొట్టిగా పెట్టండి.

రిఫరెన్స్ సెల్ నింపగానే వాల్వ్ తెరవకండి. నొక్కిన గ్యాస్ వేడెక్కుతుంది. పీడనం నిలకడ పడేదాకా 20–30 నిమిషాలు ఆగి, చదివి, అప్పుడు తెరవాలి.

పెంగ్-రాబిన్సన్ గురించి కూడా. ఇదే స్థితిలో అది మీథేన్ సాంద్రతను ఒకటి, ఒకటిన్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. రెండు సెల్స్‌కూ అదే వాడతారు కాబట్టి కొంత రద్దవుతుంది, పూర్తిగా కాదు, ఎందుకంటే రెండూ వేర్వేరు పీడనాల దగ్గర ఉంటాయి. 1991 నాటి సెట్జ్‌మన్-వాగ్నర్ సమీకరణం మీథేన్‌కు ప్రామాణికం. సొంతంగా కోడ్ రాయక్కర్లేదు, నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) వెబ్‌బుక్‌లో ఉచితంగా టేబుల్ వస్తుంది, కూల్‌ప్రాప్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎక్సెల్‌కు తగిలించుకోవచ్చు. సీఓ2 చేస్తే 1996 నాటి స్పాన్-వాగ్నర్. సీఓ2 విషయంలో 31 డిగ్రీలు, 74 బార్ దరిదాపుల్లో మాత్రం ఏ సమీకరణమూ కాపాడదు. అక్కడ డిగ్రీలో పదో వంతుకే సాంద్రత ఎగిరి పడుతుంది. 45 డిగ్రీలో 60 డిగ్రీలో ఎంచుకోవడం తెలివైన పని.

77కెల్విన్:

మాంట్‌మొరిల్లొనైట్ పొంతన లేకపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది వాయిడ్ వాల్యూమ్ కథ కాదు, నీళ్ల కథ.

గదిలో ఉంచిన ఎస్‌డబ్ల్యూవై-2 తన బరువులో పదో వంతు దాకా నీరు పట్టుకుని ఉంటుంది. ఆరబెట్టాక పొరల మధ్య దూరం 0.96–1.0 నానోమీటర్లకు పడిపోతుంది. ఒక పొర నీరుంటే 1.25, రెండు పొరలుంటే 1.5. ఆ 0.96 అంటే సిలికేట్ పలక మందమే. మధ్యలో సందే లేదు. కాబట్టి బాగా ఆరిన మాంట్‌మొరిల్లొనైట్‌లో మీథేన్ బయటి ఉపరితలం మీదే పడుతుంది. సగం ఆరినదాంట్లో ఏమవుతుందో ఎంత ఆరిందన్నదాని మీద ఉంటుంది, అది ప్రతి రన్‌కూ మారుతుంది.

మామూలు ఓవెన్‌లో 105 డిగ్రీలు కేయోలినైట్‌కు సరిపోవచ్చు, స్మెక్టైట్‌కు (మాంట్‌మొరిల్లొనైట్ లాంటి ఉబ్బే మట్టికి) సరిపోదు. పైగా ఓవెన్ లోంచి తీసి సెల్‌లో పోసేలోపే, నిమిషాల్లో, గాలిలోని తేమను లాగేస్తుంది. కాకినాడ, విశాఖ తేమలో అయితే తూకం వేస్తుండగానే అంకె పెరగడం చూడొచ్చు. అసలు డీగ్యాస్ (పట్టుకున్న నీరు, గాలి తీసేయడం) సెల్‌లోనే జరగాలి: హీటింగ్ జాకెట్ చుట్టి, వాక్యూమ్ కింద, సోడియం రకానికి 150 డిగ్రీలు, కాల్షియం రకానికి, ఉదాహరణకు ఎస్‌టీఎక్స్-1కు, 200 దాకా, కనీసం 12 గంటలు. కాల్షియం నీటిని గట్టిగా పట్టుకుంటుంది. ఈ వేడికి ఖనిజానికి ఏమీ కాదు; కేయోలినైట్ హైడ్రాక్సిల్ పోగొట్టుకునేది 450 దాటాకే. తూకం మట్టిది కాదు, వాక్యూమ్‌లో మూసిన సెల్ మొత్తానిది వేయండి, ఖాళీ సెల్ తూకం తీసేయండి. సెల్ మరీ బరువై త్రాసు ఒప్పుకోకపోతే అదే మట్టిలో ఒక చిటికెడు టీజీఏలో (వేడి చేస్తూ బరువు చూసే పరికరంలో) పెట్టి పోయే బరువు చూసి సవరించండి.

ఇది బరువు సమస్య మాత్రమే కాదు. హీలియం కొలిచినప్పుడు 1 శాతం తేమ మిగిలి ఉండి, మీథేన్ ముందు మళ్లీ వాక్యూమ్ పెట్టినప్పుడు అది పోయిందనుకోండి. 50 గ్రాములకు అర గ్రాము నీరు, అర ఘ.సెం.మీ. కొత్త ఖాళీ, 100 బార్ దగ్గర 2 మిల్లీమోళ్లు. ఈసారి తప్పు పైకి: లేని అధిశోషణం కనిపిస్తుంది. అందుకే మీథేన్ రన్ అయ్యాక మళ్లీ ఒకసారి హీలియం వదిలి వాయిడ్ వాల్యూమ్ మారలేదని చూడాలి.

ఇంకో అడ్డుకట్ట: నైట్రోజన్ బీఈటీ ఉపరితలం (నైట్రోజన్ అధిశోషణంతో తేల్చే వైశాల్యం) ముందే కొలిచి పెట్టుకోండి. మీథేన్ ఒక పొర పరిస్తే చదరపు మీటరుకు సుమారు 0.01 మిల్లీమోల్. కేజీఏ-1బీ గ్రాముకు 10–13 చదరపు మీటర్లు, అంటే ఒక పొరకు 0.1–0.13. ఎస్‌డబ్ల్యూవై-2 గ్రాముకు 30 ప్రాంతం, ఒక పొరకు 0.3. 60 డిగ్రీల దగ్గర 100 బార్‌కు పూర్తి పొర పరుచుకోదు కూడా. మీ అంకె దీన్ని దాటితే మట్టిని పొగడకండి, కొలతను అనుమానించండి. షేల్‌కు ఈ హద్దు పనిచేయదు, అందులో సేంద్రియ పదార్థపు సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి, వాటిలో కొన్నిటిలోకి నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర వెళ్లలేదు.

గౌతమితీరం:

అందరికీ ధన్యవాదాలు. హీలియం లెక్క అసలు సాంద్రతలతో మళ్లీ వేస్తే కేయోలినైట్ 100 బార్ దాకా పాజిటివ్‌లోనే ఉంది. బాల్స్‌తో కాలిబ్రేషన్ చేయబోతున్నాం.

రెండు సందేహాలు. 77కెల్విన్ గారూ, మా బీఈటీ రిపోర్టులో షేల్‌కు 3.8 నానోమీటర్ల దగ్గర పెద్ద శిఖరం ఉంది, అవే ముఖ్యమైన రంధ్రాలని రాయొచ్చా? రెండోది, షేల్‌ను కూడా 150 డిగ్రీల దగ్గర డీగ్యాస్ చేయాలా?

77కెల్విన్:

రాయొద్దు. ఆ 3.8 రంధ్రం కాదు. 77 కెల్విన్ దగ్గర సాపేక్ష పీడనం 0.42కు దిగేసరికి ద్రవ నైట్రోజన్ మెనిస్కస్ (ద్రవపు వంపు తలం) తట్టుకోలేక తెగుతుంది, ఇరుకు మెడలున్న రంధ్రాల్లో చిక్కుకున్న ద్రవమంతా ఒక్కసారిగా ఆవిరవుతుంది. దాన్నే, రంధ్రాల సైజు తేల్చే బీజేహెచ్ లెక్క డిసార్ప్షన్ (వాయువు విడిపోయే) వైపు నుంచి 3.8 దగ్గర శిఖరంగా గీస్తుంది. పలకలు పలకలుగా ఉన్న దాదాపు ప్రతి మట్టికీ, ప్రతి షేల్‌కూ ఇది వస్తుంది. అడ్జార్ప్షన్ వైపు నుంచి లెక్కిస్తే శిఖరం మాయమవుతుంది, అదే దాని గుట్టు బయటపెడుతుంది.

బీఈటీ చేస్తున్నారు కాబట్టి మరికొన్ని. ట్యూబులో మొత్తం ఉపరితలం 10–20 చదరపు మీటర్లు ఉండేలా తూకం వేయండి: గ్రాముకు 5 ఇచ్చే షేల్‌ అయితే 3–4 గ్రాములు, ఎస్‌డబ్ల్యూవై-2 అర గ్రాము. 0.05–0.30 సాపేక్ష పీడన పరిధిని కళ్లు మూసుకుని తీసుకోవద్దు. వాల్యూమ్‌ను (1 − సాపేక్ష పీడనం)తో గుణించి గీసినప్పుడు అది పెరుగుతున్నంత వరకే పరిధి, బీఈటీ సమీకరణంలోని సీ విలువ పాజిటివ్‌గా ఉండాలి. సంతృప్త పీడనాన్ని 760 టార్ అని టైపు చేయకండి. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ వాతావరణ పీడనం 713 టార్ దగ్గర. డివార్‌లో (ద్రవ నైట్రోజన్ పాత్రలో) ఆక్సిజన్ కరిగితే ద్రవం ఉష్ణోగ్రతే మారుతుంది. పక్క ట్యూబులో కొలిచే సౌకర్యం ఉంటే వాడండి. ఇక హీలియం ఖాళీ కొలతను నైట్రోజన్ తర్వాత పెట్టండి. ముందు పెడితే 77 కెల్విన్ దగ్గర కొంత హీలియం సూక్ష్మ రంధ్రాల్లో ఇరుక్కుపోయి మొదటి పాయింట్లను చెడగొడుతుంది.

సూక్ష్మ రంధ్రాల కోసం మంచు నీళ్ల బాత్‌లో సీఓ2 చేస్తారు. అక్కడ సంతృప్త పీడనం 34.85 బార్ కాబట్టి ఒక బార్ దాకా వెళ్లినా 0.03 సాపేక్ష పీడనమే. నానోమీటరు లోపు రంధ్రాలకు తప్ప పనికిరాదు.

నల్లరాయి:

షేల్‌కు 150 వద్దు. 110 డిగ్రీలు, వాక్యూమ్, 24 గంటలు. అంతకు మించితే మట్టి నీటితో పాటు బిటుమెన్ (షేల్‌లోని జిడ్డు సేంద్రియ పదార్థం) లోని తేలిక హైడ్రోకార్బన్లు కూడా పోయి కొత్త రంధ్రాలు తెరుచుకుంటాయి. అంటే మీరు కొలిచేది బావిలో ఉన్న షేల్‌ను కాదు, మీరు తయారుచేసిన షేల్‌ను. 110 దగ్గర స్మెక్టైట్ నీరంతా పోదన్నది నిజమే. రెండింటికీ న్యాయం చేసే ఉష్ణోగ్రత లేదు. ఏదో ఒకటి ఎంచుకుని, రిపోర్టులో రాసి, శాంపిళ్లన్నిటికీ అదే పాటించాలి. 2014లో వెలువడిన ఒక పోలికలో ఏడు ల్యాబ్‌లు ఒకే షేల్స్‌ను 65 డిగ్రీల దగ్గర 250 బార్ దాకా కొలిస్తే, ఆరబెట్టిన శాంపిళ్లకే ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడాలు వచ్చాయి.

పొడి ఎంత మెత్తగా ఉండాలి? 60 మెష్ కిందికి, అంటే 250 మైక్రాన్ల లోపు, నలగ్గొట్టడం మామూలు. మరీ మెత్తగా బాల్ మిల్లులో గంటలు తిప్పితే కొత్త ఉపరితలం పుట్టుకొస్తుంది. రోకలిబండ, జల్లెడ చాలు. ఐఎంటీ-1 కూడా రాతి ముక్కలుగానే వస్తుంది, అందులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కలిసి ఉంటాయి. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో ఖనిజాల విశ్లేషణ) చూడకుండా దాన్ని స్వచ్ఛమైన ఇల్లైట్‌గా లెక్కేయకండి.

సమతౌల్యం వచ్చిందనడానికి గడియారం చూడొద్దు. అరగంటలో పీడనం మార్పు ట్రాన్స్‌డ్యూసర్ కదలిక కంటే తక్కువైతే వచ్చినట్టు. కేయోలినైట్‌కు నిమిషాలు చాలవచ్చు, బిగుతైన షేల్‌కు మొదటి మెట్లలో గంటలు పడుతుంది. తొందరపడితే అడ్జార్ప్షన్ రేఖ కిందికి, డిసార్ప్షన్ రేఖ పైకి పోయి లూప్ కనిపిస్తుంది. లీక్ ఉన్నా లూప్ వస్తుంది. తేడా ఏమిటంటే లీక్ ఉంటే డిసార్ప్షన్ చివర సున్నాకు తిరిగి రాదు, పోయిన గ్యాస్ అంతా మట్టి ఖాతాలో మిగిలిపోతుంది.

రాఘవాపురం కోర్ 60 డిగ్రీల దగ్గర చేస్తే పోల్చుకోవడానికి బాగుంటుంది గానీ గ్యాస్ అంచనాకు చాలదు. నేల మీద ఉండే 30కి కిలోమీటరుకు 30 డిగ్రీల చొప్పున కలిపినా 3 కిలోమీటర్ల లోతున 120 డిగ్రీలు. కోర్ ఏ లోతుదో చూసి కనీసం మూడు ఉష్ణోగ్రతల దగ్గర చేయండి, అదే శాంపిల్‌తో, సెల్ విప్పకుండా. అప్పుడు మధ్యలోని ఉష్ణోగ్రతలకు లెక్కగట్టవచ్చు, అధిశోషణ ఉష్ణం కూడా తేలుతుంది.

రాతిపొర:

ఆలస్యంగా చూశాను. కోర్ కొంచెమే ఉందన్నారు కాబట్టి ఒక మాట. శాంపిల్ తగ్గినప్పుడు సెల్‌లో ఖాళీ పెరుగుతుంది, బార్_మీటర్ గారు చెప్పిన జబ్బు ముదురుతుంది. 25 గ్రాములే ఉంటే ఖాళీలో స్టీల్ కడ్డీ ఒకటి సరిపోయేలా తిప్పించి వేయండి. 40 ఘ.సెం.మీ. ఖాళీని 20కి తెస్తే తప్పులన్నీ సగమవుతాయి. అదే కడ్డీ బ్లాంక్ రన్‌కు పనికొస్తుంది: శాంపిల్ లేకుండా, శాంపిల్ ఘనపరిమాణం అంత స్టీల్ వేసి, అవే పీడనాల దగ్గర మీథేన్ రన్ మొత్తం చేయండి. సున్నా రావాలి. ±0.1 మిల్లీమోల్ లోపల వస్తే సంతోషం. రాకపోయినా రేఖ ప్రతిసారీ ఒకేలా వస్తే దాన్ని శాంపిల్ రేఖ నుంచి తీసేయొచ్చు. ప్రతిసారీ వేరేగా వస్తే తీసేయడం కుదరదు, కారణం వెతకాల్సిందే.

సెటప్ సరిగ్గా ఉందని బయటివాళ్లకు చూపించాలంటే నిస్ట్ ఇచ్చే ప్రామాణిక నమూనా జియోలైట్ వై, ఆర్‌ఎం 8850 ఉంది. దాని మీద 25 డిగ్రీల దగ్గర 75 బార్ దాకా మీథేన్ రేఖను పలు ల్యాబ్‌లు కొలిచి 2020లో ప్రచురించారు. సీఓ2కు ఆర్‌ఎం 8852. జియోలైట్ ఎక్కువ పడుతుంది కాబట్టి అదీ తక్కువ తూకంతో చేయాలి.

తేమతో ఉన్న షేల్ కావాలంటే పొటాషియం సల్ఫేట్ సంతృప్త ద్రావణం మీద, 30 డిగ్రీల దగ్గర, డెసికేటర్‌లో బరువు నిలకడగా వచ్చేదాకా ఉంచాలి. అక్కడ తేమ 97 శాతం. సోడియం క్లోరైడ్ మీద 75, మెగ్నీషియం క్లోరైడ్ మీద 33. మట్టి ఎక్కువున్న షేల్‌కు తేమ పట్టాక మీథేన్ సగానికి పైగా తగ్గడం వింతేమీ కాదు. ధ్రువ ఉపరితలాన్ని నీరు ముందే ఆక్రమిస్తుంది. అలాంటి శాంపిల్‌కు వాక్యూమ్ పెట్టారో, పట్టించిన నీరు పంపులోకి పోతుంది. తక్కువ పీడనపు హీలియంతో నాలుగైదుసార్లు నింపి వదిలి గాలిని తరిమి, రన్ అయ్యాక మళ్లీ తూకం చూడండి.

గౌతమితీరం:

రాతిపొర గారూ, కడ్డీ ఆలోచన బాగుంది. చివరగా రెండు: ఫలితం ఎక్సెస్‌లో రాయాలా, ఆబ్సొల్యూట్‌లోనా (అధిశోషిత పొరలో ఉన్న మొత్తం)? ఎస్‌డబ్ల్యూవై-2 రన్‌ల తర్వాత మధ్య వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు, నెమ్మదిగా పాస్ అవుతోంది. సీటు మార్చినా కొన్నాళ్లకు మళ్లీ అంతే.

బార్_మీటర్:

ఎక్సెస్ రాయండి. కొలిచింది అదే. ఆబ్సొల్యూట్ కావాలంటే (1 − వాయు సాంద్రత / అధిశోషిత సాంద్రత)తో భాగించాలి, ఆ అధిశోషిత సాంద్రత ఎవరూ కొలిచింది కాదు. 373 వేస్తే 100 బార్ దగ్గర 21 శాతం పెరుగుతుంది; 423, అంటే మరిగే బిందువు దగ్గర ద్రవ మీథేన్ సాంద్రత వేస్తే, 18 శాతం. 250 బార్ దగ్గర ఈ తేడా ఇంకా విడిపోతుంది. ఏది వేశారో రాసి, పక్కనే ఎక్సెస్ టేబుల్ ఇవ్వండి, చదివేవాళ్లు తమకు కావాల్సింది వేసుకుంటారు. లాంగ్మూర్ అధిశోషణ సమీకరణాన్ని నేరుగా ఎక్సెస్ పాయింట్ల మీద అతికించొద్దు. అది ఎప్పటికీ దిగని రేఖ, ఎక్సెస్ దిగే రేఖ. ఆ బ్రాకెట్ కలిపిన మూడు పరామితుల రూపం వాడండి. యూనిట్ గ్రాముకు మిల్లీమోల్ ఉంచండి. ఘ.సెం.మీ.లోకి మార్చితే 0 డిగ్రీల ప్రమాణమా, 15.6 డిగ్రీల ప్రమాణమా రాయకపోతే అక్కడే ఐదారు శాతం గోల్‌మాల్ అవుతుంది: ఒక మిల్లీమోల్ మొదటిదాంట్లో 22.4, రెండోదాంట్లో 23.7.

రాతిపొర:

వాల్వ్ సీటులో ఉన్నది మీ మట్టే. వాక్యూమ్ ఒక్కసారిగా తెరిచినా, 100 బార్ నుంచి గబగబా దింపినా స్మెక్టైట్ పొడి గ్యాస్‌తో పాటు లేచి సీటు మీద కూర్చుంటుంది. సెల్ మూతికి 0.5 మైక్రాన్ సింటర్డ్ స్టీల్ ఫిల్టర్ పెట్టి, దాని కింద కాస్త గ్లాస్ వూల్ ఉంచండి. వాక్యూమ్ లైన్‌లో నీడిల్ వాల్వ్ పెట్టి మొదటి పది నిమిషాలు కొద్దిగా మాత్రమే తెరవండి. పీడనం దింపేటప్పుడు నిమిషానికి కొన్ని బార్లకు మించొద్దు. మీథేన్‌ను గదిలోకి కాకుండా గొట్టంతో బయటికి వదలండి, గాలిలో 5 శాతానికే అంటుకుంటుంది.

ఫిల్టర్, గ్లాస్ వూల్ పెట్టాక వాల్యూమ్ కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. పొడి పట్టి ఫిల్టర్ మూసుకుపోతే సమతౌల్యం రాను రాను ఆలస్యమవుతుంది, దాన్ని షేల్ వ్యాపన వేగం అనుకునే ప్రమాదం ఉంది. ఖాళీ సెల్‌తో హీలియం వదిలి పీడనం ఎన్ని సెకన్లలో సమమవుతుందో కొత్త ఫిల్టర్ మీద ఒకసారి రాసి పెట్టుకోండి, తర్వాత దానితో పోల్చుకోవచ్చు. వాల్వ్ పాస్ అవుతోందో లేదో చూడాలంటే రిఫరెన్స్ వైపు హీలియం 100 బార్, శాంపిల్ వైపు వాక్యూమ్ పెట్టి మూసి రాత్రంతా వదిలేయండి. మీకు ట్రాన్స్‌డ్యూసర్ రిఫరెన్స్ వైపే ఉంది కాబట్టి పీడనం పడితే అది వాల్వా, బయటికి లీకా తెలియదు. పొద్దున్న రెండు వైపులా 100 బార్ ఉంచి మళ్లీ చూడండి. అప్పుడు నిలిస్తే తప్పు వాల్వ్‌దే.